డేవిడ్ బోవీ పాటల్లో మీ పాట ఏది? తేల్చుకునే పద్ధతి

మన సినిమా పాటల విషయంలో మనకెవరూ ఏమీ నేర్పక్కర్లేదు. ఏ పాట ఇష్టమని అడిగితే పేరు చెప్పి ఊరుకోం. "రెండో చరణానికి ముందు వయొలిన్లు వస్తాయి చూడు, అక్కడ" అని చోటు కూడా చూపిస్తాం. అదే మనిషిని బెంగళూరులో టీమ్ లంచ్‌లో కూర్చోబెట్టి "బోవీ పాటల్లో నీ ఫేవరెట్ ఏది?" అని అడగండి. ఎక్కడో విన్న పేరొకటి గబుక్కున చెప్పేసి ప్లేట్లోకి చూస్తాడు. చెవి అదే, పాట వినే తెలివీ అదే. కాకపోతే ఇంగ్లిష్ రాక్ అనగానే అది పరీక్ష అయిపోతుంది, మనం సిలబస్ చదవనివాళ్లమైపోతాం.

అలాంటివాళ్ల కోసమే ఇది. ఉదాహరణకు బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీని తీసుకున్నాను. 1947లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో పుట్టి, 2016 జనవరి 10న న్యూయార్క్‌లో పోయాడు. మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది, చివరిది చనిపోవడానికి రెండు రోజుల ముందు. మధ్యలో పాతిక దాకా స్టూడియో ఆల్బమ్‌లు. గిటార్ పట్టుకున్న జానపద గాయకుడు, ఎర్రజుట్టు గ్రహాంతరవాసి, సోల్ సింగర్, బెర్లిన్‌లో వింత శబ్దాలు చేసుకునే ప్రయోగశీలి, డాన్స్ హిట్ల మొనగాడు: ఇన్ని అవతారాలున్నవాడి దగ్గర ఒక్క పాట ఎంచుకోవడం నేర్చుకుంటే మిగతావాళ్ల దగ్గర పెద్ద కష్టం ఉండదు.

1. ముందు ప్రశ్నేమిటో తేల్చుకోండి

గొప్ప పాట, ప్రసిద్ధమైన పాట, ఇష్టమైన పాట మూడూ వేరు. గొప్పదేదో విమర్శకులు చెబుతారు, ప్రసిద్ధమైనదేదో యాప్‌లోని అంకె చెబుతుంది. ఇష్టమైనదాన్ని మాత్రం మీరే చెప్పాలి. దానికి నా కొలత ఒకటే: పాటలో ఫలానా చోటు అని మీరు వేలు పెట్టి చూపించగలగాలి. ఆ చోటు వస్తోందని ముందే తెలిసి, దానికోసం కాచుకుని కూర్చోవాలి. అలాంటి చోటు లేని పాటను మీరు గౌరవిస్తూ ఉండొచ్చు, కానీ అది మీ పాట కాదు.

2. హిట్స్ ప్లేలిస్టుతో మొదలుపెట్టకండి

అందరూ చేసేది అదే. యాప్ తెరవడం, పేరు కొట్టడం, పైన కనిపించే పది పాటలు షఫుల్‌లో పెట్టడం. పెళ్లి భోజనానికి వెళ్లి లడ్డూలు మాత్రమే తిని వచ్చినట్టుంటుంది. ఏ పాటకాపాట తియ్యగానే ఉంటుంది, నాలుగోదానికి మొహం మొత్తుతుంది. పైగా 1969 నాటి పాట పక్కన 1983 నాటి పాట పడితే, పాడింది ఒక్కడేనా అని అనుమానం వస్తుంది తప్ప రెండిట్లో ఏదీ చెవిలో నిలవదు.

బదులుగా ఒక్కో దశ నుంచి ఒక ఆల్బమ్ తీసుకోండి. నేనైతే ఈ వరస చెబుతాను. పియానో, మెలొడీ కావాలంటే 1971 నాటి 'హంకీ డోరీ'. గిటార్, నాటకీయత కావాలంటే 1972 నాటి 'జిగ్గీ స్టార్‌డస్ట్'. తర్వాత 1976 నాటి 'స్టేషన్ టు స్టేషన్'. మొత్తం ఆరే పాటలు, మొదటిదే పది నిమిషాలు దాటుతుంది. రైలు చప్పుడుతో మొదలై, గొంతు వినపడేసరికి మూడు నిమిషాలు గడిచిపోతాయి. 1977లో వచ్చిన 'లో', 'హీరోస్' రెండూ బెర్లిన్ రోజులవి. 'లో' ఎల్‌పీ రికార్డు రెండో వైపు చాలామటుకు మాటల్లేని సంగీతమే కాబట్టి, పాట కోసం వెతికేవాళ్లు మొదటి వైపు వింటే చాలు. 1983 నాటి 'లెట్స్ డాన్స్' తేలిక, అందుకే దాన్ని ముందు వినకండి. చివరగా 2016 నాటి 'బ్లాక్‌స్టార్'.

ఇందులో చాలావరకు 40 నిమిషాలకు అటూఇటూ ఉంటాయి. ఎల్‌పీ రికార్డు రెండు వైపులా పట్టేది సుమారుగా అంతే కదా. వైట్‌ఫీల్డ్‌లో పర్పుల్ లైన్ ఎక్కితే మెజెస్టిక్ వచ్చేలోపు ఒక ఆల్బమ్ అయిపోతుంది. వారానికొకటి చాలు, తొందరేం లేదు.

3. ఏ వెర్షన్ వింటున్నారో చూసుకోండి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 'హీరోస్' పాట ఆల్బమ్‌లో ఆరు నిమిషాల పైన ఉంటుంది, సింగిల్‌గా, అంటే విడిగా అమ్మడానికి, కత్తిరించినది మూడున్నర నిమిషాలే. ఆ చిన్నది ముందు భాగాన్ని ఎగ్గొట్టేస్తుంది. పాట ప్రాణమంతా మెల్లగా పైకెక్కడంలో ఉంటే, మెట్లు తీసేసి మేడ మీద నిలబెడుతుంది. 'లెట్స్ డాన్స్' కూడా అంతే. ఆల్బమ్‌లో ఏడున్నర నిమిషాలు, సింగిల్‌లో నాలుగు. చివర్లో స్టీవీ రే వాన్ వాయించిన గిటార్ పూర్తిగా వినాలంటే పెద్దదే పెట్టుకోవాలి.

పాట పేరు పక్కన నిడివి చూడటం అలవాటు చేసుకోండి. రీమాస్టర్ (పాత రికార్డింగ్‌కు మళ్లీ మెరుగులు దిద్దినది) అని రాసి ఉందంటే బాగుందనే అర్థం కాదు. 2017లో వచ్చిన బాక్స్ సెట్‌లో 'హీరోస్' మధ్యలో వాల్యూమ్ ఉన్నట్టుండి తగ్గిందని శ్రోతలు పట్టుకున్నారు, తర్వాత సరిచేసిన డిస్కులు ఇవ్వాల్సి వచ్చింది. అభిమానుల చెవులంటే అలా ఉంటాయి మరి.

4. ఎక్కడ వినాలి

సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర క్యాబ్‌లో కూర్చుని, అద్దం దించి, ఫోన్ స్పీకర్లో విని "ఏముందిరా ఇందులో" అంటే పాట ఏం చేస్తుంది పాపం! ఫోన్ స్పీకర్లో బేస్ గిటార్ దాదాపు ఉండదు. 'అండర్ ప్రెషర్' పాటను బేస్ లేకుండా వినడం కంటే వినకపోవడం మేలు. మామూలు వైరు ఇయర్‌ఫోన్లయినా ఫరవాలేదు, చెవిలో సరిగ్గా కూర్చోవాలంతే. మెట్రోలో భూమి లోపలికి దిగాక చప్పుడు పెరుగుతుంది. మొదటిసారి వినే ఆల్బమ్‌ని అక్కడ పెట్టొద్దు, తెలిసినదైతే సరే. ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర బెంచీ దొరికితే అంతకంటే మంచి చోటు ఊళ్లో ఉందనుకోను. పీజీలో ఉండేవాళ్లకు రాత్రి పదకొండు దాటాక, రూమ్మేట్ ఫోన్ కాల్ ముగిశాక.

5. మొదటిసారి మాటలు పట్టించుకోకండి

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకు ఇది అడ్డంకి కాదు, సౌకర్యం. మాట అర్థం కాకపోతే గొంతు, డ్రమ్స్, పియానో నేరుగా తగులుతాయి. మొదటిసారి ఊరికే వినండి. చెవి తనంతట తను ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో నోట్ తెరిచి పాట పేరు, నిమిషం, సెకను రాసుకోండి. ఎందుకు నచ్చిందో రాయకండి, అది తర్వాత.

రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకుని చదువుతూ వినండి. కొన్ని పాటలు అక్కడ రెట్టింపవుతాయి. 'స్పేస్ ఆడిటీ' 1969 జులై 11న వచ్చింది, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టడానికి తొమ్మిది రోజుల ముందు. లోకమంతా పండగ మూడ్‌లో ఉంటే ఇతను మేజర్ టామ్ అనే వ్యోమగామిని పైకి పంపి, కింది వాళ్లతో సంబంధం తెగిపోయేలా చేసి, అక్కడే వదిలేశాడు. సంగతి తెలిశాక కౌంట్‌డౌన్ మళ్లీ వింటే మొదటిసారి లేని భయం పట్టుకుంటుంది. ఆ టామ్ పదకొండేళ్ల తర్వాత, 1980లో, 'యాషెస్ టు యాషెస్' పాటలో మళ్లీ కనిపిస్తాడు, బాగా చెడిపోయి. ఈ రెండిటినీ కలిపే వినాలి. ఒకదాన్ని ఎంచుకున్నా రెండోది వెనకే వస్తుంది.

ఇంకొన్ని పాటల్లో మాటలు ఎంత చదివినా కొరుకుడు పడవు. బోవీ రాసుకున్న కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, అటూఇటూ కలిపి కొత్త వాక్యాలు చేసే పద్ధతి వాడేవాడు. కాబట్టి అర్థం కాలేదని మీ ఇంగ్లిష్‌ను తిట్టుకోకండి.

6. చోటు పట్టుకోవడం

అసలు పని ఇది. సినిమా పాటకు వాడే కొలబద్దలే ఇక్కడా వాడండి. పల్లవి ఎక్కడ, చరణం ఎక్కడ, మధ్యలో ఇంటర్‌లూడ్ ఏ వాయిద్యంతో ఉంది, గొంతు ఏ లైన్లో శ్రుతి పైకెక్కింది.

'హీరోస్' సంగతే చూద్దాం. బెర్లిన్ గోడకు దగ్గర్లో ఉన్న హన్సా స్టూడియోలో, పెద్ద హాల్లో రికార్డు చేశారు. నిర్మాత టోనీ విస్కాంటి బోవీ గొంతు కోసం మూడు మైకులు పెట్టాడు. ఒకటి నోటికి జానెడు దూరంలో, రెండోది 20 అడుగుల అవతల, మూడోది 50 అడుగుల అవతల. వెనకున్న రెండు మైకులకూ గేట్ అనే పరికరం తగిలించాడు. గొంతు ఒక స్థాయి దాటితేనే అవి తెరుచుకుంటాయి. మొదట్లో బోవీ దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు, దగ్గరి మైకు ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి మన చెవిలో చెబుతున్నట్టే ఉంటుంది. గొంతు పెంచేకొద్దీ రెండోది, ఆ తర్వాత మూడోది తెరుచుకుని హాలంతా పాటలోకి వచ్చేస్తుంది. అరిస్తే తప్ప దూరపు మైకు పలకదు, అందుకే చివరికి అతను నిజంగానే అరవాల్సి వచ్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ హాలు ఎక్కడ తెరుచుకుందో చెవితో పట్టుకోవడం. సుమారుగా సగం దాటాక, మొదటి లైన్లే మళ్లీ పై స్థాయిలో అందుకున్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. వెనకాల సన్నగా సాగే గిటార్ రాబర్ట్ ఫ్రిప్‌ది. యాంప్లిఫయర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి చేరి మోగే ఫీడ్‌బ్యాక్‌లో ఏ స్వరం వస్తుందో అది యాంప్లిఫయర్‌కి ఎంత దూరంలో నిలబడ్డాడన్న దాన్నిబట్టి మారుతుంది. అందుకని నేల మీద టేపుతో గుర్తులు పెట్టుకుని, స్వరానికో చోట నిలబడి వాయించాడు.

ఇదంతా చదివాక మళ్లీ వింటే 'హీరోస్' ఎవరికైనా నచ్చుతుంది. అయితే అది మీ పాట అవుతుందా? నాకు కాలేదు. అద్భుతం అంటాను, కాచుకుని కూర్చోను.

'లైఫ్ ఆన్ మార్స్?' దగ్గర మరో రకం చోటు ఉంది. పియానో రిక్ వేక్‌మన్‌ది, తీగవాయిద్యాల అమరిక మిక్ రాన్సన్‌ది. పాట ఆకాశమంత ఎత్తుకెళ్లి ముగిశాక, వాయిద్యాలు సద్దుమణుగుతుంటే వెనకాల టెలిఫోన్ మోగుతుంది. రికార్డింగ్ మధ్యలో స్టూడియో ఫోన్ మోగితే ఆ ముక్కను అలాగే ఉంచేశారు. కొందరు ఆ ఫోన్ కోసమే పాట చివరిదాకా వింటారు. నవ్వకండి, అదీ చోటే.

'సౌండ్ అండ్ విజన్'లో బోవీ గొంతు పాట సగానికి దగ్గరపడ్డాక గానీ రాదు. ఎదురుచూడటమే నచ్చేవాళ్లు దాన్ని వదలరు.

7. కథలు ఆఖర్న చదవండి

పాట వెనక కథ బలంగా ఉంటే పాట కూడా బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. 'బ్లాక్‌స్టార్' 2016 జనవరి 8న, అతని 69వ పుట్టినరోజున వచ్చింది. పదో తేదీన బోవీ లేడు. క్యాన్సర్ సంగతి బయటి లోకానికి తెలియనే తెలియదు. అందులోని 'లాజరస్' వింటే ఎవరి గుండె అయినా తరుక్కుపోతుంది. కానీ తరుక్కుపోయింది పాటకా, వార్తకా? ఇది తేల్చుకోవడానికి అదే ఆల్బమ్‌లో పెద్దగా పేరు రాని పాట ఒకటి పక్కన పెట్టి వినండి. శాక్సోఫోన్ మిమ్మల్ని అక్కడా పట్టుకుంటే మీకు నచ్చింది సంగీతమే.

'హీరోస్'కీ కథ ఉంది. 1987 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌లో గోడకు దగ్గరగా కచేరీ పెడితే, అవతలి వైపు తూర్పు బెర్లిన్‌ జనం గోడ దగ్గరికి చేరి విన్నారు. బోవీ చనిపోయినప్పుడు జర్మనీ విదేశాంగ శాఖ, గోడ కూలడంలో సాయపడ్డందుకు కృతజ్ఞతలు చెప్పింది. గొప్ప సంగతే. దాని వల్ల మీకు ఆ పాట నచ్చితీరాలని లేదు.

8. వేరేవాళ్ల నోట వినండి

ఇది మంచి పరీక్ష. 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్' 1970 నాటి పాట. 1993లో నిర్వాణా అనే అమెరికన్ రాక్ బృందం అన్‌ప్లగ్డ్ కచేరీలో పాడాక, అది నిర్వాణా పాటేననుకునేవాళ్లు తయారయ్యారు. రెండూ వినండి, మీ చెవి దేనికి తిరిగి వెళుతుందో చూడండి. క్రిస్ హాడ్‌ఫీల్డ్ అనే కెనడా వ్యోమగామి 2013లో అంతరిక్ష కేంద్రంలోనే తేలుతూ 'స్పేస్ ఆడిటీ' పాడాడు, అదీ చూడండి.

ఇక బెంగళూరులో ఉన్నందుకు ఒక లాభం ఉంది. ఈ ఊరికి రాక్ కొత్త కాదు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2002లో రోజర్ వాటర్స్, 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించి వెళ్లారు. ఆ తరం వాళ్లు ఇప్పుడు మన ఆఫీసుల్లోనే మేనేజర్లు, అడిగితే ఆ వర్షం, ఆ బురద అన్నీ చెబుతారు. రెస్ట్ హౌస్ రోడ్డులోని పెకోస్ పబ్ లాంటి చోట పాత రాక్ పాటలే నడుస్తాయి. వారాంతంలో ఏదో ఒక పబ్‌లో కవర్ బ్యాండ్ ఉంటుంది. మీ షార్ట్ లిస్టులోని పాట వాళ్లు అధ్వానంగా వాయించినా మీ కాలు ఆడిందంటే ఆ పాటకు ఎముకలు గట్టివన్నమాట.

ఇక్కడే చిన్న తగువు. 'అండర్ ప్రెషర్' 1981లో క్వీన్ బృందంతో కలిసి చేసినది, దాన్ని బోవీ పాట అనొచ్చా? ఆ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చిన్నప్పుడు పంచగనిలో చదువుకున్నాడు కాబట్టి మనవాళ్లకు అదొక అభిమానం. నేను అనొచ్చంటాను, ఒక షరతు మీద. మీ చోటు ఆ బేస్ లైన్ అయితే మీకు నచ్చినవాడు క్వీన్‌లో బేస్ వాయించిన జాన్ డీకన్, బోవీ కాదు. చివర్లో బోవీ గొంతు అందుకునే దగ్గరైతే లెక్కలో వేసుకోండి.

9. మూడుకు దించి, పక్కన పడేయండి

నోట్‌లో పది, పన్నెండు చోట్లు చేరి ఉంటాయి. ఒకే ఆల్బమ్‌వి రెండుంటే ఒకటి కొట్టేయండి. రెండేసి పాటలు పక్కపక్కన పెట్టి వినండి, ఓడినదాన్ని తీసేయండి. మూడు మిగిలాక ఆపేసి, ఓ రెండు వారాలు బోవీని ముట్టుకోకండి. బట్టలు ఆరేస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఆ మూడింటిలో ఏది తనంతట తను నోట్లోకి వస్తుందో చూడండి. మాటలు తప్పుగా వచ్చినా సరే, ట్యూన్ వస్తే చాలు.

10. చెప్పడం

మా రూమ్‌లో ఉండే అనంతపురం కుర్రాడు ఇలాగే అన్నీ విని 'మోడర్న్ లవ్' దగ్గర ఆగాడు.

"అన్నా, అది మరీ కమర్షియల్ అంటారేమో కదా, ఆఫీసులో?"

"అంటే అననీరా. నీ చోటేది?"

"మొదట్లో గిటార్ ఊరికే గోకుతుంటాడు కదన్నా, డ్రమ్స్ పడేముందు. అక్కడ."

"ఇంకేం, అదే చెప్పు."

సోమవారం వెళ్లి అదే చెప్పాడట. ఎదుటివాడు వెంటనే ఫోన్ తీసి ఆ మొదటి పది సెకన్లు మళ్లీ విన్నాడట. వాదన అక్కడితో అయిపోయింది. పేరు చెబితే పేరుతో కొడతారు, చోటు చెబితే ఎవరైనా వినాల్సిందే.

నాదేమిటంటారా? 'ఫైవ్ ఇయర్స్'. జిగ్గీ ఆల్బమ్‌లో మొదటి పాట. దూరం నుంచి వస్తున్నట్టు డ్రమ్స్ ఒక్కటే మొదలవుతుంది. లోకం ఇంకో అయిదేళ్లే ఉంటుందన్న వార్త వచ్చింది. అది విన్న మనిషి బజార్లో నడుస్తూ కనిపించినవాళ్లనల్లా, కనిపించినవన్నీ తలలో దాచుకోవాలని చూస్తాడు. మొదట నిదానంగా, తర్వాత ఊపిరాడకుండా. నా చోటు, తీగవాయిద్యాలు పెరిగి అతని గొంతు పాట దాటి కేకలోకి వెళ్లే దగ్గర. అన్నీ ఆగిపోయాక మళ్లీ ఆ డ్రమ్స్ ఒక్కటే మిగులుతుంది. దీన్ని టీమ్ పార్టీలో పెట్టమని మాత్రం అడగకండి, అందరూ వెళ్లిపోతారు.

ఇంకా రెండు మిగిలి తేలకపోతే

నిడివి ఎక్కువున్నది ఉంచండి. పెద్ద పాటలో కొత్త చోట్లు దొరికే అవకాశం ఎక్కువ. చిన్నది ఎలాగూ దారిలో వినేస్తారు. ఏడాది తర్వాత అభిప్రాయం మారితే పాత నోట్ తుడిచేయకుండా తేదీ వేసి కిందే కొత్తది రాసుకోండి. ఈ పద్ధతి అచ్చొస్తే తర్వాత నీల్ యంగ్‌ని పట్టుకోండి. అక్కడ ఆల్బమ్‌లు ఇంకా ఎక్కువ, కాబట్టి రెండో మెట్టులో దశలు విడదీసే పని కాస్త ఓపిగ్గా చేయాలి.